మావయ్య మెచ్చిన పేజీ

ఆ వేసవి సెలవుల్లో నేను ముప్పై కొత్త పిల్లల పుస్తకాలు చదివి, ఫలానావి చదవండర్రా అని ఊళ్ళో పిల్లలందరికీ చెప్పాను. అలా అని పేపర్లో అచ్చయింది. నిజానికి నేను చదివింది అర పుస్తకం. ఆ అరలో కూడా కొంత నిద్రలో గడిచింది కాబట్టి పావు కిందే లెక్క. ఇన్నేళ్ళకు ఈ మాట ఒప్పుకుంటున్నానంటే ధైర్యం వచ్చి కాదు, దాచుకోలేక విసుగొచ్చి.

అప్పటికి పద్నాలుగేళ్ళుగా ఒక దినపత్రికలో ప్రూఫ్ రీడర్‌ని. ఇంకొకళ్ళు రాసినదాంట్లో తప్పులు దిద్దడం నా పని. తప్పు పట్టుకుంటే ఆ సంగతి ఎవరికీ తెలియదు, వదిలేస్తే మర్నాడు ఊరంతటికీ తెలుస్తుంది. నా పేరు ఆ పేపర్లో ఒక్కసారి కూడా రాలేదు. ఆ కుళ్ళు లోపల ఉండేది. ఈ రాసేవాళ్ళందరికంటే భాష నాకే బాగా వచ్చు అనుకునేవాణ్ణి. వచ్చు కూడా. రాయడానికి విషయమే ఉండేది కాదు.

ఆదివారం అనుబంధంలో పిల్లల పుస్తకాల గురించి రాసే పెద్దాయన కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు. అనుబంధం ఎడిటర్ మేడమ్ నన్ను పిలిచి, సెలవుల పది వారాలూ మీరు రాస్తారా అని అడిగింది. వారానికి మూడు కొత్త పుస్తకాలు చదివి, పిల్లలకు చెప్పాలి. బాగా కుదిరితే ప్రూఫు బల్ల మీంచి లేపి తన డెస్కులోకి తీసుకుంటానంది. పిల్లల పుస్తకాలే కదా, ఇదో లెక్కా అనుకున్నాను. ‘పుస్తకాల మావయ్య’ అనే పేరు ఆవిడే పెట్టింది. ఏదో ఒక చుట్టరికం కలపకపోతే పిల్లలు ఉత్తరాలు రాయరట.

మొదటి వారం పుస్తకాల కట్ట ఇంటికి తెచ్చుకుని, కుర్చీ బాల్కనీలో వేసుకుని, దర్జాగా మొదలుపెట్టాను. ఒక నత్త కొండ ఎక్కాలని బయలుదేరుతుంది. పన్నెండో పేజీలో అది బయలుదేరింది, నేనూ నిద్రలోకి బయలుదేరాను. లేచేసరికి పుస్తకం నా ఒళ్ళో లేదు. మా అమ్మాయి చేతిలో ఉంది.

దానికప్పుడు పదేళ్ళు. ఇంట్లో వసపిట్ట అనేవాళ్ళం. నోరు మూతపడితే ఒంట్లో బాగాలేదేమోనని వాళ్ళమ్మ నుదురు పట్టుకు చూసేది. మర్నాడు పొద్దున నేను గడ్డం గీసుకుంటుంటే తలుపుకి ఆనుకుని ఆ నత్త కథంతా చెప్పింది. "అందరూ ఆ నత్తని చూసి పాపం అనుకుంటారు నాన్నా. అదేమో వాళ్ళందర్నీ చూసి పాపం అనుకుంటుంది, ఏదీ సరిగ్గా చూడకుండా పరిగెడుతున్నారని." సబ్బు నురుగు చేత్తోనే పాత పేపరు అంచున ఆ మాట రాసుకున్నాను. ఆ ఆదివారం మావయ్య కాలమ్ మొదలైంది ఆ మాటతోనే.

మేడమ్ అది చదివి కుర్చీలోంచి లేచి వచ్చింది. మీలో ఒక పిల్లాడున్నాడండీ, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు అంది. ఉన్నది పిల్లాడు కాదండీ పిల్ల, నాలో కాదు మా ఇంట్లో అని చెప్పవచ్చు. చెబితే ఆవిడ నవ్వి ఊరుకునేది. కాలమ్ ఇంకా బాగుండేదేమో కూడా. నేను మాత్రం చేతులు కట్టుకుని, ఏదో మీ అభిమానం అన్నాను. సొమ్మొకడిది, సోకొకడిది.

అక్కణ్ణుంచి ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. సోమవారం కట్ట వస్తుంది, గురువారం సాయంత్రానికి మా అమ్మాయి మూడూ చదివి నాకు చెబుతుంది, శుక్రవారం పది గంటలకల్లా నేను రాసిచ్చేస్తాను. మొదట్లో దానికి సంబరమే. చదివింది చెప్పుకోవడానికి మనిషి దొరికాడు, అదీ సొంత నాన్న, అదీ పెన్ను పట్టుకుని మరీ. కథ చెబుతూ మధ్యలో ఎక్కడికో వెళ్ళిపోయేది. తను చూసిన కుక్క గురించి, పక్కింటి వాళ్ళ తగువు గురించి కూడా అందులోనే కలిపేసేది. మూడో వారానికి నాకు విసుగొచ్చింది. కుక్క సంగతి తర్వాత, ముందు కథ చెప్పు అనేవాణ్ణి. ఎన్నేళ్ళ పిల్లలకు, బొమ్మలు ఎలా ఉన్నాయి, నవ్వొచ్చే చోటు ఏది అని వరసగా అడిగేవాణ్ణి. అది కూడా వరసగా జవాబు చెప్పడం నేర్చుకుంది. పని తొందరగా అవుతోందని సంతోషించాను.

ఒకరోజు మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అది మంచం కింద పడుకుని, అట్ట ఊడిపోయిన పాత పుస్తకం ఒకటి చదువుకుంటోంది. ఆ పుస్తకం దానికి ఐదారుసార్లు అయిపోయింది. కొత్త మూడూ బల్ల మీద ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి. ఒంగి దాని చేతిలోంచి పాతది తీసుకుని, బీరువా మీద పెట్టాను. కోప్పడలేదు. చదివిందే చదివితే కొత్తవి ఎవరు చదువుతారమ్మా అన్నానంతే. అది మంచం కిందనుంచి బయటికి వచ్చి, బల్ల దగ్గర కూర్చుని, పై పుస్తకం తెరిచింది.

మా ఆవిడ రక్తపరీక్షల లాబ్‌లో పనిచేసేది. తెల్లారకుండా వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేది. ఆ రోజు ఇదంతా గుమ్మంలోంచి చూసింది. సెలవులు దానికా మీకా అని అడిగింది. పిల్లలు చదవడం లేదని లోకమంతా ఏడుస్తుంటే మన పిల్ల చదువుతోంది, అదీ తప్పేనా అన్నాను. "చదవడం వేరు, దాని చేత చదివించుకోవడం వేరు" అని చేతి సంచీ కొక్కేనికి తగిలించి లోపలికి వెళ్ళిపోయింది. నాకు పౌరుషం వచ్చింది. ఈ డెస్కు వస్తే నేనొక్కణ్ణేనా బాగుపడేది అని గోడకు చెప్పుకున్నాను.

ఆరో వారం గురువారం. రెండు పుస్తకాలు చెప్పడం అయింది. మూడోది ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కింద పిల్లలు ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అయిందా అంటే అయింది అంది. ఊఁ చెప్పు అని పెన్ను తీశాను.

ఒక పెద్ద భవనం, అందులో లిఫ్టు నడిపే ముసలి తాత. తాతకి కాలు విరిగితే మనవరాలు ఆ పనికి వస్తుంది. ఏ అంతస్తులో ఎవరుంటారో, ఎవరు ఏం మోసుకొస్తారో ఆ పిల్లకి తెలుసు. అంతవరకు గబగబా చెప్పి ఆగింది. నేను తల ఎత్తకుండానే తర్వాత అన్నాను.

"తర్వాత ఒకరోజు ఆ పిల్ల నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్యలో లిఫ్టు ఆపేసి కూచుంటుంది."

"ఎందుకూ?"

"ఎవరైనా తనని పేరు పెట్టి పిలుస్తారేమో చూద్దామని. పైవాళ్ళు లిఫ్ట్, లిఫ్ట్ అని అరుస్తారు. కిందవాళ్ళు కూడా లిఫ్ట్ అనే అరుస్తారు. ఆ పిల్ల చాలాసేపు కూచుంటుంది."

"చివరికి?"

"చివరికి తనే నడిపేస్తుంది. వాళ్ళకి ఆలస్యమవుతోంది కదా."

పెన్ను పక్కన పెట్టేశాను. ఒళ్ళు జలదరించింది, నిజం. పద్నాలుగేళ్ళుగా ఎందరో పెద్ద పెద్ద రచయితల ప్రూఫులు చూసినవాణ్ణి, ఇలాంటిది తగల్లేదు. ఎంత బాగా రాశాడమ్మా ఈయన అన్నాను. అది నా మొహంకేసి కాసేపు చూసి, ఆడుకోవడానికి కిందికి వెళ్ళనా అని అడిగింది. అప్పటికే చీకటి పడుతోంది, పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోతున్నారు. రేపు వెళ్దువుగానిలే అన్నాను.

ఆ వారం మిగతా రెండు పుస్తకాలకు రెండేసి వాక్యాలు రాసి, కాలమ్ అంతా ఆ ఒక్క పేజీ గురించే రాశాను. ఆ పేజీ దగ్గర ఈ మావయ్య పుస్తకం మూసి కళ్ళు తుడుచుకున్నాడర్రా, మీరూ అక్కడ కాసేపు ఆగండి అని ముగించాను. ముట్టుకోని పుస్తకాన్ని మూశానన్నాను, రాని కన్నీళ్ళు తుడుచుకున్నానన్నాను. రాస్తున్నప్పుడు మాత్రం ఒక్క అక్షరం అబద్ధమనిపించలేదు.

ఇక చూసుకోండి. ఉత్తరాలు సంచీలో వచ్చాయి. ఊళ్ళో పెద్ద పుస్తకాల షాపులో ఆ లిఫ్టు పుస్తకం వారంలో అయిపోతే షాపాయన మళ్ళీ తెప్పించాడు. సెలవుల చివరి ఆదివారం తమ షాపులో పిల్లలకు మావయ్యని చూపిస్తామని మేడమ్‌ని అడిగాడు. ప్రూఫు బల్ల దగ్గర వాళ్ళు కూడా నన్ను మావయ్యా అని పిలవడం మొదలుపెట్టారు. ఉత్తరాల్లో మూడో నాలుగో, ఆ పేజీ ఎన్నో పేజీ మావయ్యా, మాకు కనబడలేదు అని వచ్చాయి. సరిగ్గా చదవని భడవలు అనుకుని పక్కన పడేశాను.

ఆదివారం సంగతి చెబితే మా అమ్మాయి కడుపునొప్పి అంది. నలుగురిలోకి రావడానికి సిగ్గుపడుతోందనుకున్నాను. కొత్త గౌను తొడిగి వెంటబెట్టుకుని బయలుదేరాను. మా ఆవిడకు ఆ రోజు కూడా లాబ్‌లో పని ఉంది. మెట్లు దిగుతుంటే అది నా చొక్కా పట్టుకు లాగింది. నాన్నా, నీకో మాట చెప్పాలి అంది. తర్వాత చెబుదువుగానిలే, ఆలస్యమవుతోంది అన్నాను.

షాపులో అల్మరాలు పక్కకు జరిపి కుర్చీలు వేశారు. డెబ్భై ఎనభై మంది పిల్లలు, వెనకాల తల్లిదండ్రులు. మేడమ్ ముందు వరసలో కూర్చుంది. మొహమాటంగా మొదలుపెట్టినా, పిల్లలు నవ్వుతున్న కొద్దీ నాకు ఊపు వచ్చింది. అన్నీ చదివేశారా మావయ్యా అని ఎవరో అడిగితే, చదవకుండా చెబితే దొంగతనం కదర్రా అన్నాను. మా అమ్మాయి ఒక అల్మరా పక్కన నిలబడి, ఏ పుస్తకం వంకా చూడకుండా నేల వంక చూస్తోంది.

అప్పుడు రెండు జడల పిల్ల ఒకతి, ఎనిమిదేళ్ళుంటాయేమో, లిఫ్టు పుస్తకం గుండెకు హత్తుకుని ముందుకు వచ్చింది. "మావయ్యా, నేను మూడుసార్లు చదివాను. నా పుస్తకంలో ఆ పేజీ లేదు. నాకు ఆ పేజీయే కావాలి" అంది.

పుస్తకం తీసుకుని తిరగేశాను. ఆ పుస్తకాన్ని నేను చేత్తో పట్టుకోవడం అదే మొదలు. నీ కాపీలో పేజీలు ఊడిపోయి ఉంటాయమ్మా అన్నాను. షాపాయన నొచ్చుకుని వెంటనే కొత్త కాపీ తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్ల అక్కడే నిలబడి ఒక్కో పేజీ తిప్పింది. ఇందులోనూ లేదు అంది. నా దాంట్లో కూడా లేదని ఇంకెవరో అన్నారు. చూస్తుండగానే పదిమంది పిల్లలు పదిచోట్ల పుస్తకాలు తెరిచి వెతకడం మొదలుపెట్టారు. వాళ్ళు నిజంగా వెతుకుతున్నారు. మావయ్య చెప్పాడంటే ఉండి తీరుతుందని.

తల ఎత్తి మా అమ్మాయి వంక చూశాను. దాని మొహం పాలిపోయి ఉంది. అంతా అర్థమైంది. ఒక్క క్షణం ఉంది నా చేతిలో. నేను చదవలేదర్రా అంటే సరిపోయేది. మేడమ్ ముందు వరసలోంచి నన్నే చూస్తోంది.

"అదిగో, మా అమ్మాయి" అని చెయ్యి చాపి చూపించాను. "ఈ ఒక్క పుస్తకం నాకు టైము లేక దాన్ని చదివి చెప్పమన్నాను. అబద్ధం చెప్పింది. చిన్నపిల్లలు కదా."

ఈ ఒక్క పుస్తకం అన్నాను. ఆ పరిస్థితిలో కూడా ఆ మాట చేర్చడం మరిచిపోలేదు.

అందరూ నవ్వారు. చెడ్డగా ఏమీ కాదు, ముద్దుగానే నవ్వారు. డెబ్భై ఎనభై తలలు ఒక్కసారి అటు తిరిగాయి. మా అమ్మాయి ఏడవలేదు. ఎవరైనా ఏదైనా అడుగుతారేమో, జవాబు చెప్పాలేమో అన్నట్టు చేతులు దగ్గర పెట్టుకుని నిలబడింది. రెండు జడల పిల్ల మాత్రం నవ్వలేదు. మా అమ్మాయి దగ్గరకు వెళ్ళి మెల్లగా ఏదో అడిగింది. మా అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

ఇంటికొచ్చాక అది గౌను విప్పి, మడత పెట్టి, పాత బట్టలు వేసుకుని మంచం మీద కూర్చుంది. తిట్టడానికి వెళ్ళానో బతిమాలడానికి వెళ్ళానో నాకే తెలియదు, వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"సగమే చదివాను నాన్నా. కళ్ళు మండాయి. నువ్వు అప్పటికే పెన్ను పట్టుకుని కూచున్నావు" అంది.

"సగమే చదివానని చెప్పొచ్చుగా."

"చెబితే మిగతా సగం చదవమంటావుగా."

"మరి ఆ లిఫ్టు ఆగిపోవడం?"

"అది నాది" అంది.

నేల చీలి అందులోకి పోతే బావుండుననిపించింది. నన్ను క్షమించమ్మా అని రెండు మాటలు. ఎంతసేపని. నోరు తెరిచాను కూడా. సరే, అన్నానికి రా అనే మాట బయటికి వచ్చింది.

మా ఆవిడకు సంగతి తెలిసింది. అరవలేదు. ఇందులో అబద్ధం ఎవరిది అని ఒక్కటే అడిగింది.

ఆ వారం కాలమ్‌లో నిజం రాద్దామని కూర్చున్నాను. మావయ్య ఏవీ చదవలేదు, చదివింది పదేళ్ళ పిల్ల, మీకు నచ్చిన ప్రతి మాటా దానిదే, ఆ లేని పేజీ కూడా దానిదే అని రెండు పేజీలు రాశాను. బాగా వచ్చింది. నా బతుకులో నేను సొంతంగా రాసింది అదొక్కటే. చదువుకుని, చించేసి, ‘ఒక పుస్తకం గురించి పొరపాటున వేరే వివరాలు వచ్చాయి, చింతిస్తున్నాం’ అని ఒకటిన్నర లైను రాసిచ్చాను. మేడమ్ దానికేం పట్టించుకోలేదు. షాపులో జరిగింది ఆవిడకు మహా వేడుకగా ఉంది. మీ అమ్మాయి భలే గడుసుదండీ అని ఆఫీసంతా చెప్పి నవ్వించింది. పై నెల నుంచి డెస్కులో చోటు నాదేనంది. కాదనలేదు.

డెస్కుతో పాటు కొత్త కట్టలూ నా వంతే అయ్యాయి. ఇంట్లో బల్ల మీద పెడితే మా అమ్మాయి వాటి పక్కనుంచి వెళ్ళేది, వచ్చేది. చెయ్యి తగిలేది కాదు. బీరువా మీద ఉన్న పాత పుస్తకం దించి దాని దిండు పక్కన పెట్టాను. పొద్దున చూస్తే మళ్ళీ బీరువా మీద ఉంది. నేనే ఒక్కో పుస్తకం చదవడం మొదలుపెట్టాను. లిఫ్టు పుస్తకం కూడా చివరిదాకా చదివాను. రెండో సగంలో ఆ మనవరాలికి అందరూ కలిసి బహుమతి ఇస్తారు, చప్పట్లు కొడతారు, అయిపోతుంది. మామూలు పుస్తకం. మా అమ్మాయి పేజీ ఉండుంటే మంచి పుస్తకం అయ్యేది. ఈ మాట దానికి చెప్పాలని రెండు మూడుసార్లు గదిలోకి వెళ్ళి, కిటికీ వేసి ఉందో లేదో చూసి తిరిగి వచ్చేశాను.

బడి తెరిచిన నాలుగో వారంలో ఒకరోజు పొద్దున, చెప్పులు వేసుకుంటున్న నా ముందు ఒక కాగితం పెట్టింది. టీచరమ్మ ఇచ్చిందట, ఇంట్లో వాళ్ళు సంతకం పెట్టాలట. పైన ప్రశ్న అచ్చు వేసి ఉంది: ఈ సెలవుల్లో మీరు చదివిన కొత్త పుస్తకాల్లో మీ స్నేహితులకు ఏది చదవమని చెబుతారు, ఎందుకు? కింద రాయడానికి పది గీతలు. మొదటి గీత మీద దాని గుండ్రటి అక్షరాలు: ‘ఈ సెలవుల్లో నేను ఏ పుస్తకమూ చదవలేదు. అన్నీ మా నాన్నే చదివారు.’

మిగతా తొమ్మిది గీతలూ ఖాళీ.

"ఇదేమిటమ్మా ఇలా రాశావు" అన్నాను.

"అబద్ధం రాయకూడదు కదా నాన్నా" అంది.

ఎత్తిపొడుపేమైనా ఉందేమోనని దాని మొహంలో వెతికాను. ఉంటే ఎంత బావుండేదో. లేదు. నన్ను కాపాడుతున్నాననుకుంటోంది. కింద బడి బస్సు వచ్చి ఆగింది. అది కాగితం వంక, నా వంక చూస్తూ నిలబడింది. జేబులోంచి పెన్ను తీసి, చూపించిన చోట సంతకం పెట్టాను.